మావగారి రాయి మీద ఒక ఇంగ్లీషు మాట

మా వైపు ఒక మనిషి గురించి మంచిగా చెప్పాలనుకుని, చెప్పడానికి ప్రత్యేకంగా ఏమీ తట్టకపోతే "చాలా జోవియల్ మనిషండీ" అంటారు. పెళ్లి సంబంధాల దగ్గర కుర్రాడికి ఉద్యోగం సరిగ్గా లేకపోతే అతను జోవియల్ అవుతాడు. రిటైర్మెంటు సభలో ఏనాడూ సీట్లో కనబడని ఆఫీసరు జోవియల్ అవుతాడు. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను ఎప్పుడో అటకెక్కించారు. వాళ్ల మాటల్లో అది నా చెవిన పడి చాలా కాలమైంది. ఏలూరులో మాత్రం ఇప్పటికీ పెరట్లో కరివేపాకులా ఎవరికి కావలసినప్పుడు వాళ్లు తుంచుకుంటూ ఉంటారు.

మా మావగారు కిందటి వేసవిలో పోయారు. ఆదరణ కూడికలో, అంటే చర్చివాళ్లు పెట్టే సంతాప సభలో, మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఆ మాటే అన్నారు. ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు, రైల్లో కలిసి తిరిగినవాళ్లు, వీధి చివర టైలరు, అందరూ. అందరూ నిజంగానే అన్నారు, ఏమీ తట్టక అన్నది కాదు. ఆ రోజే మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, ఒక నిర్ణయానికి వచ్చేశారు. నాన్నగారి సమాధి రాయి మీద, పేరు కింద, ఇంగ్లీషులో "ఎ జోవియల్ సోల్" అని చెక్కించాలని.

మా అత్తగారు వద్దన్నారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పుట్టింది తాడేపల్లిగూడెం పక్కన, వరి పండించే ఇంట్లో. పంచాంగం చూడనిదే గేదెను కూడా కొనని ఇల్లు అది. మా అమ్మ మా చుట్టాల్లో ప్రతి ఆడపిల్ల పెళ్లికీ గురుబలం చూపించి, నా దగ్గరికొచ్చేసరికి పంచాంగం మూసేసింది. ఎందుకంటే నేను ఏలూరులో క్రైస్తవుల అబ్బాయిని చేసుకుంటానని కూర్చున్నాను. కాబట్టి సమాధి రాళ్ల సంగతి నాకు ఈ ఇంటికొచ్చాక తెలిసినదే. మనిషి పోయాక వచ్చే మొదటి సమాధుల పండుగలోపు రాయి వేయించడం ఇక్కడ మర్యాద. నవంబరు మొదట్లో ఒక సాయంత్రం కుటుంబాలన్నీ సమాధుల తోటకి వెళ్తాయి. ముందుగానే సున్నాలు వేయించి, ఆ రోజు బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అప్పటికి రాయి లేకపోతే వచ్చినవాళ్లందరూ అడుగుతారు. రాయి మీద పేరు, రెండు తేదీలు, ఒక బైబిలు వాక్యం ఉండాలి. ఆపైన ఒక ఇంగ్లీషు ముక్క కూడా ఉంటే గౌరవం. పోయినాయనకి ఇంగ్లీషు వచ్చా రాదా అని ఎవరూ అడగరు.

మావగారి ఉద్యోగం తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర్లో ఒక సర్కారు ఆఫీసులో. ఇల్లు ఏలూరులో. రిటైరయ్యేదాకా పొద్దున ప్యాసింజరులో వెళ్లి సాయంత్రం ప్యాసింజరులో వచ్చారు. సీజన్ పాసువాళ్లు రోజూ ఒకే బోగీ ఎక్కేవారు. దెందులూరు దాటేలోపు బోగీ నవ్వడం మొదలుపెట్టేదట. భీమడోలులో ఎక్కేవాళ్లు లోపలికి కాలు పెడుతూనే, అప్పటిదాకా తాము పోగొట్టుకున్నది ఏమిటో చెప్పమని పక్కవాణ్ని పొడిచేవారట. "అట" అని ఎందుకంటున్నానంటే ఇంట్లోవాళ్లం మేమెవరమూ అది చూడలేదు.

మేం చూసింది సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, పేపరు తీసుకునేవారు. "అన్నం", "చాలు", "తలుపేశారా" అనేవి ఆయన సాయంత్రపు మాటలు. తిట్టేవారు కాదు, తాగేవారు కాదు, చెయ్యి ఎత్తడం అన్నది ఆయన ఎరుగరు. ఫిర్యాదు చేద్దామన్నా పట్టు దొరకని మనిషి. మా పెళ్లైన కొత్తలో, రైల్లో అంత నవ్విస్తారట కదా, ఇక్కడ ఒక్కటి చెప్పండి మావయ్యగారూ అని నేను అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, "అది రైలమ్మా" అన్నారు. ఆ జవాబుకి నాకు చిరాకు వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

మాటలన్నీ మా అత్తగారివే. ఆవిడకీ నాకూ వాదన లేని రోజు మా ఇంట్లో పండగ కింద లెక్క. ఆవిడ నోటికి నేను భయపడను, నా నోటికి ఆవిడ భయపడరు. అందుకే ఇన్నేళ్లు ఒకే వంటింట్లో నెగ్గుకొచ్చాం. కొడుకులు మాత్రం పుట్టినప్పటి నుంచీ విని విని, రేకుల మీద వాన చప్పుడులాగా ఆవిడ మాటల్ని వినడం మానేశారు. భర్త సంగతి సరేసరి. ఆవిడ ఎంత పదునైన మాట అన్నా ఆ ఇంట్లో ఎవరూ నవ్వింది లేదు, ఎవరూ ఉలిక్కిపడింది లేదు. పేపరు పేజీ తిరిగేది, అంతే.

సెప్టెంబరులో బావగారు పెదపాడు నుంచి వచ్చారు. అక్కడ చేపల చెరువులు చూసుకుంటారాయన. రాళ్ల షాపువాడు పంపిన నమూనా ఫోనులో తెచ్చి అందరికీ చూపించారు. నల్ల గ్రానైటు, పైన సిలువ, బంగారు రంగు అక్షరాలు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"ఆ ఇంగ్లీషు మాట తీయించరా."

"ఎందుకమ్మా?"

"వద్దు గనక."

"ఊరంతా అంటున్న మాటేగా అమ్మా అది."

"ఊరంతా అనేదాన్ని ఊళ్లో గోడ మీద రాయించు. ఆయన పక్కన పడుకోవాల్సింది నేను."

అది మాట వరసకి అన్నది కాదు. సమాధి కట్టించినప్పుడే పక్కన ఆవిడకి చోటు వదిలారు, రాయి కూడా ఇద్దరికీ కలిపి ఒకటే. ఎడమవైపు ఆయన, కుడివైపు ఖాళీ. ఆ మాటకి ఎవరూ ఒప్పుకోలేదు. అమ్మ దుఃఖంలో ఉంది, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది అని బావగారు మా ఆయనతో గుమ్మంలో గుసగుసలాడటం నేను విన్నాను. మా ఆయన ఎప్పటిలాగే ఇద్దరికీ తలూపారు.

నాకు ఆ "సర్దుకుంటుంది" అన్నది నచ్చలేదు. నేను ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. మాటను కొట్టాలంటే దాని పుట్టుక దగ్గర కొట్టాలని నాకు తెలుసు. నిఘంటువు తీశాను.

జోవియల్ అనేది జోవ్ నుంచి వచ్చింది. జోవ్ అంటే జూపిటరే, రోమనుల దేవుళ్లలో పెద్దవాడు. ఆ దేవుడి పేరే గ్రహానికీ పెట్టారు. పాతకాలపు ఐరోపా జ్యోతిష్కులు ఆ గ్రహం నీడన పుట్టినవాళ్లు ఆనందంగా ఉంటారని, చుట్టూ ఉన్నవాళ్లని ఆనందంగా ఉంచుతారని నమ్మారు. లాటిను నుంచి ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో జోవియల్ మనిషి అంటే ఆ గ్రహబలం ఉన్నవాడని అర్థం. తరవాత గ్రహం సంగతి అందరూ మరిచిపోయారు, నవ్వు మాత్రం మిగిలింది. జూపిటరంటే మన గురుగ్రహమే. అది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకున్నాను. మా అమ్మ నా కోసం చూడకుండా వదిలేసిన గురుబలం, పంచాంగాన్ని గడప తొక్కనివ్వని మా అత్తవారింట్లోకి ఇంగ్లీషు వేషంలో వచ్చి, ఏకంగా సిలువ కింద కూర్చోబోతోంది.

ఆ ఆదివారం సాయంత్రం పాస్టరుగారు ప్రార్థనకి ఇంటికొచ్చారు. మేం ఆయన్ని అయ్యగారు అంటాం. నెమ్మదస్థుడు, ఎవరినీ నొప్పించరు. బావగారు కూడా ఉన్నారు. నేను టీ ఇచ్చి, సిలువ గుర్తు కింద అన్యదేవత పేరు చెక్కించవచ్చాండీ అని అడిగాను.

"అదెలా కుదురుద్దమ్మా?" అన్నారాయన.

అప్పుడు జూపిటరు కథంతా చెప్పాను. ఆయన తెలివైనవారు. ఇవాళ ఆ మాట వాడేవాళ్లెవరికీ ఆ అర్థం గుర్తుండదు కదా, మాట అర్థం వాడుకలో ఉంటుంది గాని పుట్టుకలో ఉండదు అన్నారు. నిజానికి అది సరైన వాదన. నా క్లాసులో నేను చెప్పేది కూడా అదే. కాని ఆ రోజు నేను గెలవడానికి కూర్చున్నాను.

"వాడుకే లెక్కయితే, బొట్టు కూడా వాడుకలో అలంకారమేగా అయ్యగారూ. మరి దానికెందుకు ఒప్పుకోరండీ?" అన్నాను.

ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నా నుదుటి మీంచి అది తీయించిన చర్చ ఆయనకి ముందున్న అయ్యగారి కాలం నాటిది. అయినా ఆయనకి తెలుసు. టీ గ్లాసు కింద పెట్టి, అనుమానం వచ్చిన మాట ఎందుకు లెండి, వాక్యం ఒక్కటి చాలు అన్నారు. బావగారి ముఖం మాడిపోయింది. జూపిటరంట, నాన్నగారు ఏనాడైనా జూపిటర్ని చూశారా, ఆయన చూసిందల్లా చేబ్రోలు స్టేషను అని విసుక్కుంటూ స్కూటరెక్కారు.

గెలిచినదాన్ని గెలిచినట్టు వంటింట్లోకి వెళ్లాను. అత్తగారు బావగారు తెచ్చిన చేపల్ని ఉప్పేసి రుద్దుతున్నారు. నా వైపు చూడలేదు.

"గెలిచావుగా," అన్నారు.

గెలిచాం అన్నాను.

"నేను వద్దన్నది జూపిటరు కోసమా అమ్మాయ్? కన్నకొడుకులకి నేను వద్దంటే చాల్లేదు. ఎక్కడో రోములో దేవుడొచ్చి వద్దంటే సరిపోయింది. నీకు కూడా నా మాట చాల్లేదుగా, పుస్తకం తీశావు."

  ఆవిడ తరఫునే వాదించానని అందామనుకున్నాను. ఆవిడ తరఫున వాదించాను గాని ఆవిడ కారణం ఏమిటో అడగనేలేదని నోరు తెరవబోయేసరికి తట్టింది. వాదనలో దిగితే నాకు అవతలివాడే కనిపిస్తాడు. ఎవరి కోసం దిగానో వెనక ఎక్కడో ఉండిపోతారు.

ఆ మాటకి అసలు అర్థం ఏమిటని ఆవిడే అడిగారు. గురుడి సంగతి చెప్పాను. శనిగ్రహాన్ని బట్టి ముభావంగా ఉండేవాడికి కూడా ఇంగ్లీషులో అలాంటి మాటే ఒకటుందని చెప్పాను.

"అయితే మీ మావయ్యగారు రైలెక్కితే గురుడు, దిగితే శని," అన్నారు. చేపను తిప్పి రెండోవైపు రుద్దారు. "ఆయన నవ్వించలేదని నేనట్లేదు. అంతమంది అబద్ధం చెప్పరుగా. నిజమే అయితే నా దాకా ఎందుకు రాలేదని. రాయి మీద రాస్తే రోజూ దాని పక్కన పడుకుని ఆ సంగతే ఆలోచించాలి నేను."



నేను చాలా రోజులు ఆ ప్రశ్నతో తిరిగాను. వట్లూరు మీదుగా కాలేజీ బస్సులో వెళ్తూ, ఆనందం అనేది మనిషి గుణమా, లేక చోటు గుణమా అని ఆలోచించేదాన్ని. నా స్టాఫ్ రూములో నేను సరదా మనిషినని పేరు. ఇంట్లో మా అమ్మాయిని అడిగితే ఆ మాట ఒప్పుకోదు. గ్రహాన్ని నమ్మిన పాతకాలంవాళ్లకి ఈ చిక్కు లేదు. వాళ్ల లెక్కలో గురుడు నీ మీద ఉంటే నువ్వు ఇంట్లోనూ నవ్వుతావు, సంతలోనూ నవ్వుతావు. వాళ్లకి సీజన్ పాసు సంగతి తెలియదు.

సమాధుల పండుగ నాటికి రాయి వచ్చింది. ఎడమవైపు పేరు, తేదీలు, వాక్యం. ఇంగ్లీషు ముక్క లేదు. అత్తగారు తెల్లచీర కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మేం పూలు పరిచాం. చుట్టూ ప్రతి సమాధి దగ్గరా ఎవరో ఒకరు ప్రార్థిస్తున్నారు, ఎవరో ఒకరు గాలికి ఆరిన కొవ్వొత్తిని మళ్లీ ముట్టిస్తున్నారు. బావగారు రాయి వైపు చూడకుండా నిలబడ్డారు.

అప్పుడు ముగ్గురు ముసలివాళ్లు వచ్చారు. బోగీ వాళ్లు. వాళ్లలో పొడుగాయన భీమడోలు నుంచి వచ్చారు. ఆదరణ కూడికకి ఒంట్లో బాగాలేక రాలేకపోయానని బావగారికి చెప్పుకున్నారు. సమాధికి దణ్ణం పెట్టి, అత్తగారి వైపు తిరిగి, "మీరేనాండీ ఆవిడ?" అన్నారు.

ఏ ఆవిడ అని అత్తగారు ముఖం చిట్లించారు.

"మిమ్మల్ని చూడటం ఇదే గానండీ, మీ మాటలు మేం ఏళ్ల తరబడి విన్నామండీ. మా బోగీ మొత్తానికి మీరు తెలుసండీ."

అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయనకి ఆ ముఖం చదవడం రాదు గనక ఉత్సాహంగా చెప్పుకుపోయారు. ఒకసారి మావగారి పినతల్లి కొడుకు రెండు రోజులని వచ్చి నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయాడట. అప్పుడు ఇంటావిడ అన్నదట, కొల్లేటికొచ్చే పక్షులకైనా తిరిగెళ్లే నెల ఒకటుంటుంది, మీ తమ్ముడికి అదీ లేదని. అది చెప్పిన రోజు బోగీలో ఒకాయన కాఫీ ఒలకబోసుకున్నాడట. మిగతా ఇద్దరూ ఇప్పుడే విన్నట్టు నవ్వారు. బావగారు కూడా నవ్వి, సగంలో ఆగిపోయారు. ఆ చిన్నాన్న ఉన్న రోజుల్లో ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఆ మాట ఆయన ఎదుటే పుట్టింది. వాన చప్పుడులో కలిసిపోయింది.

"ఇంకోటుందండీ," అన్నారు భీమడోలాయన. "ఆయన చేప తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, పేపరు పట్టుకుని కూర్చున్నారంటండీ. మీరేమో ఆ చేపను చూసి, ఇది బతికుండగా మీకంటే ఎక్కువ మాట్లాడి ఉంటుంది అన్నారంట."

ఈసారి మావాళ్లెవరూ నవ్వలేదు. అత్తగారు అడిగారు.

"నా మీద నవ్వించేవారా?"

ముసలాయన కంగారుపడిపోయారు. "అయ్యయ్యో, మీ మీద కాదండీ, మీరన్నదానికండీ. సొంతంగా అన్నట్టు ఒక్కనాడూ చెప్పలేదండీ ఆయన. నిన్న మా ఇంట్లో ఏమన్నారో వినండి అని మొదలెట్టేవారు. మేం నవ్వాక, ఆవిడ ముందు నేనెంతండీ అనేవారు. అదే మాట, ఎప్పుడూ."

అత్తగారు కొవ్వొత్తుల వైపు తిరిగారు.

"అయితే వినేవారన్నమాట," అన్నారు.

 ఆవిడ మెత్తబడ్డారని నేను రాయలేను. పక్కనే కూర్చున్నాను గనక నాకు తెలుసు, ఆ ముఖంలో ఉన్నది దుఃఖం కంటే కోపానికి దగ్గర. ఇన్నేళ్లు పేపరు వెనక మనిషి లేడనుకుని మాట్లాడిన ఆవిడకి, ఆ పేపరు వెనక మనిషి ఒక్కొక్క మాటా ఏరుకుని మర్నాడు పొద్దున్నే పట్టుకెళ్లాడని తెలిసింది. పట్టుకెళ్లి అంతమంది చేత నవ్వించి, ఆ నవ్వులో ఆవిడ వాటా ఒక్క రోజైనా ఇంటికి తేలేదు. ఇది ప్రేమ కాదని నేననను. కాని దీన్ని ప్రేమ అని చేతులు దులుపుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆవిడ ముందు నేనెంత అన్న మాట ఆవిడ ముందే అనాలి. బోగీకి దానితో ఏం పని?

ముసలివాళ్లు వెళ్లాక బావగారు తల్లి పక్కన నేల మీద చతికిలబడ్డారు. ఆయనకి కళ్లు తడిగా ఉన్నాయి. ఇప్పుడు తెలిసిందిగా అమ్మా నాన్నగారి సంగతి, ఇప్పుడైనా ఆ మాట చెక్కిద్దామా అని అడిగారు.

"చెక్కించు," అన్నారు అత్తగారు. "ఇటువైపు."

ఆవిడ చూపించింది రాయికి కుడివైపు ఉన్న ఖాళీని.

"అది నీదమ్మా."

"నాదే. మాటలెవరివి? నావి. ఆయన మోశారు, మోసినందుకు ఆయనకి పేరొచ్చింది. పేరు ఊళ్లోవాళ్లు ఇచ్చుకున్నారు, నేను కాదనను. రాయి మీద మాత్రం నాకుండాలి."

"బతికుండగా చెక్కిస్తారామ్మా ఎవరైనా?"

"నేను పోయాక మీరు నా మాట వింటారా ఏంటి?"

మా ఆయన ఆ రోజు మొదటిసారి నోరు తెరిచి, అమ్మ చెప్పినట్టు చేద్దాం అన్నయ్యా అన్నారు. బావగారు తలూపారు గాని, అయ్యగారు వద్దన్నారు కదా మరి అని నా వైపు చూశారు. నేను అప్పటికే మనసులో సిద్ధమవుతున్నాను. ఇంగ్లీషు వారాల పేర్లన్నీ గ్రహాలవీ దేవుళ్లవేనని, శనివారానికి వాళ్లు పెట్టిన పేరు కూడా రోమను దేవుడిదేనని, చర్చి గోడ మీద క్యాలెండరులో అవన్నీ ప్రతి నెలా వేలాడుతున్నాయని చెప్పాలనుకున్నాను. ఆయన బొట్టు సంగతి ఎత్తితే ఏమనాలో కూడా ఆలోచించాను. నేను పైకి అనకపోయినా అత్తగారికి తెలిసిపోయింది.

"అయ్యగారి దగ్గరికి నువ్వే వెళ్లు," అన్నారు. "జూపిటరు మాట ఎత్తకు. పుస్తకం తియ్యకు. నేను కావాలన్నానని చెప్పు. అంతే చెప్పు."

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ అయ్యగారి ఇంటికి వెళ్లాను. విషయం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి, మరి ఆ రోజు మీరే కదమ్మా అంత గట్టిగా వద్దన్నారు, ఇప్పుడు కారణమేంటి అని అడిగారు. నా నాలుక చివర వారం రోజుల పేర్లూ వరసగా నిలబడి ఉన్నాయి.

"మా అత్తయ్యగారు కావాలన్నారండీ," అన్నాను.

ఆయన ఇంకేదో వస్తుందని ఎదురుచూశారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.